వెలగని కొస

దోహా మెట్రో గోల్డ్ లైన్ అల్ అజీజియా దగ్గర ఆగిపోతుంది. ఆ దిక్కున అదే ఆఖరు స్టేషన్. రైలు దిగి పైకి వచ్చిన మనుషులు మొట్టమొదట ఏం చేస్తారో చూడటం నాకు అలవాటు. కొందరు ఫోను తీస్తారు, కొందరు జేబు తడుముకుంటారు. జేబు తడుముకున్న వాళ్లు రెండడుగులు పక్కకు జరిగి, గాలికి వీపు పెట్టి, రెండు చేతులూ దోసిలిపట్టి అగ్గి ముట్టిస్తారు. ఆ దోసిలి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. కోరుట్ల బస్టాండులో మా ఊరి బస్సు కోసం నిలబడ్డ పెద్దమనుషులు కూడా అట్లాగే ముట్టించేవాళ్లు.

నేను ఇక్కడికి దగ్గరలోనే ఒక పెద్ద భవనంలో సెక్యూరిటీ సూపర్‌వైజర్‌ని. 2011లో వచ్చాను. లోపల పొగ తాగుతున్న వాళ్లను బయటికి పంపడం నా డ్యూటీలో ఒక భాగం. నేను వచ్చిన కొత్తలో 2002 నాటి చట్టం ఉండేది, జరిమానా 200 నుంచి 500 రియాళ్లు. 2016లో పదో నంబరు చట్టం వచ్చాక అది 1,000 నుంచి 3,000 రియాళ్లయింది. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు కారులో ఉండగా సిగరెట్టు ముట్టించినా 3,000. నమిలే పొగాకు, ఎలక్ట్రానిక్ సిగరెట్టు అమ్మడమే నేరం. 2019 జనవరి 1 నుంచి పొగాకు మీద నూటికి నూరు శాతం ఎక్సైజ్ పన్ను పడింది. 2022 ప్రపంచకప్‌లో, మాకు నడిచిపోయేంత దూరంలో ఉన్న ఖలీఫా స్టేడియంతో సహా అన్ని స్టేడియాల్లోనూ పొగ నిషేధించారు. అంత ఉద్వేగంలో, అన్ని వేల మందిలో అది సాధ్యమా అనుకున్నాను. సాధ్యమైంది.

జరిమానా వేసే అధికారం నాది కాదు, చెప్పడం వరకే నా పని. అయినా ఆ వెయ్యి అంకె నన్ను కుదురుగా ఉండనివ్వదు. 2021 మార్చి నుంచి ఈ దేశంలో కనీస మూల వేతనం నెలకు వెయ్యి రియాళ్లు. ఒకరోజు సర్వీసు మెట్ల మీద ఒక క్లీనింగ్ పిల్లగాడు సిగరెట్టు ముట్టించి కూర్చున్నాడు, మన కామారెడ్డి వైపు వాడే. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పొగను నోట్లోనే ఆపుకున్నాడు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒక్క దమ్మే అన్నా, పొద్దటి సంది కాలు మీదనే ఉన్న" అన్నాడు. వాడి నెల జీతం మొత్తం ఆ ఒక్క దమ్ము మీద నిలబడి ఉంది. నేను వాణ్ణి వెనక గేటు దాకా తీసుకుపోయి బయట వదిలాను. నిషేధం సరైనదని నమ్మే మనిషిని. ఆ మెట్ల మీద తలుపు లేదు, కిటికీ లేదు. వాడు వదిలిన పొగ వాడి తర్వాత నేల తుడవడానికి వచ్చే ఆడమనిషి పీల్చాలి. అయినా వాడి మొహం చూస్తే నా గొంతు పెగల్లేదు.

చట్టం గురించి వాదన ఎప్పుడూ ఇక్కడే మొదలవుతుంది. నా సొమ్ము, నా ఊపిరితిత్తులు, నీకేం అంటారు తాగేవాళ్లు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఇంటికి దూరంగా పన్నెండు గంటలు పనిచేసే మనిషికి తనది అనదగ్గవి ఎన్ని ఉంటాయి? కానీ పొగ ముట్టించిన వాడిది కాదు, పీల్చిన వాడిది. దీన్ని నాకన్నా బాగా చెప్పినవాడు తకేషి హిరాయామా అనే జపాన్ శాస్త్రవేత్త. పొగ అలవాటు లేని 91,540 మంది భార్యలను పద్నాలుగేళ్లు గమనించి 1981లో లెక్క బయటపెట్టాడు. భర్తలు విపరీతంగా తాగే ఇళ్లలో, జన్మలో సిగరెట్టు ముట్టని ఆడవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు మిగతా వాళ్లకన్నా దాదాపు రెట్టింపు ఉందని తేలింది. పొగాకు కంపెనీలు ఆ లెక్కను తప్పని నిరూపించడానికి ఏళ్ల తరబడి డబ్బు పోశాయి. లెక్క నిలబడింది. మన సుప్రీంకోర్టు కూడా 2001 నవంబరులో, మురళీ దేవరా వేసిన కేసులో, తాగనివాడి బతికే హక్కు వైపు నుంచే ఆలోచించి ఆస్పత్రుల్లో, బడుల్లో, బస్సుల్లో, రైళ్లలో పొగ ఆపమంది. 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతా బహిరంగ స్థలాల్లో నిషేధం నిబంధనగా వచ్చింది, జరిమానా రెండు వందల రూపాయల దాకా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన ప్రకారం పొగాకు ఏటా 80 లక్షల మందికి పైగా ప్రాణాలు తీస్తుంటే, వాళ్లలో 13 లక్షల మంది తాము తాగనివాళ్లు.

ఇంతవరకూ నాకు సందేహం లేదు. నా సందేహాలన్నీ డ్యూటీ దిగి రూముకు పోయాక మొదలవుతాయి.

మాది ఒక పాత విల్లాలో పార్టిషన్ వేసిన గది. ఆరుగురం, మూడు బంకు మంచాలు, ఒక ఏసీ. జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా పొద్దున పదింటి నుంచి మూడున్నర వరకు ఆరుబయట పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. ఎండ అంతగా ఉంటుంది. ఆ రోజుల్లో మా కిటికీ నెలల తరబడి తెరుచుకోదు. ఒకడు తాగితే ఆరుగురూ తాగినట్టే. చట్టం మాల్‌లోకి వస్తుంది, ఆఫీసులోకి వస్తుంది, మెట్రోలోకి వస్తుంది. మా బంకు మంచాల మధ్యకు వచ్చి చూసేవాళ్లు లేరు. అందుకని మేమే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం, తాగాలంటే గేటు బయట. అది పెట్టుకునే ముందు మా మధ్య రెండు పెద్ద కొట్లాటలు జరిగాయి, ఒకతను రూము మారిపోయాడు.

మాలో పెద్దవాడు కాక. మా పక్క ఊరి మనిషి, యాభై ఎనిమిదేళ్లుంటాయి, మేస్త్రీ పని చేసి చేసి నడుము పోయి ఇప్పుడు ఒక ఆఫీసులో చాయ్ పోస్తున్నాడు. ఆయనకు సిగరెట్టు ఎక్కదు, బీడీ కావాలి. సెలవు మీద ఊరికి పోయి వచ్చిన వాళ్లెవరో మొన్నటి చలికాలంలో కట్టలు తెచ్చి ఇచ్చారు. ఆయన మంచం మీద కూర్చుని కాగితం విప్పాడు.

గది నిండా మా అమ్మ చేతుల వాసన వచ్చింది.

నేనిది అలంకారానికి అనడం లేదు. తునికాకు ఎండిన వాసన, తంబాకు ఘాటు, రెండూ కలిసిన ఆ వాసనే మా అమ్మది. చీరకొంగులో, మా అన్నం గిన్నెలో, జ్వరం వస్తే నుదుటి మీద పెట్టిన అరచేతిలో అదే వాసన. కట్ట మీద ఉన్న లేబుల్ చూశాను. అమ్మ ముప్పై ఏళ్లు ఏ కంపెనీకి చేసిందో అదే కంపెనీ.

బీడీ చేసుడు చూడనివాళ్లకు చెప్తాను. రాత్రి ఆకును నీళ్లతో తడిపి తడిబట్టలో చుట్టి పెడతారు. పొద్దున్నే ఆకు మీద రేకు ముక్క పెట్టి కత్తెరతో ఆ కొలతకు కోస్తారు. చాట ఒళ్లో పెట్టుకుని, ఒక మూలన ఆకులు, ఒక మూలన తంబాకు. చిటికెడు తంబాకు ఆకులో పరిచి, రెండు చేతుల వేళ్లతో దొర్లించి, వెడల్పు కొసను గోరుతో లోపలికి మడిచి, సన్నటి కొస దగ్గర దారం చుడతారు. ఆకు పలచనైతే చిరుగుతుంది, మందమైతే బీడీ వెలగదు, తంబాకు ఎక్కువ పెడితే కంపెనీ ఇచ్చిన తూకానికి బీడీల లెక్క రాదు. లెక్క తగ్గితే ఆ తంబాకు ఖర్చు చేసినవాళ్ల మీద పడుతుంది. కట్టకు ఇరవై ఐదు. అమ్మ రోజుకు ఎనిమిది వందలు చేసేది, ముప్పై రెండు కట్టలు. కార్ఖానాలో కట్టలు విప్పి చూసి, బాగాలేనివి పక్కన పడేస్తారు. పడేసిన వాటికి కూలీ లేదు.

ఒక రాత్రి నిద్ర పట్టక లెక్క వేశాను. రోజుకు ఎనిమిది వందలు, నెలకు ఇరవై ఐదు రోజులు, ముప్పై ఏళ్లు. డెబ్బై రెండు లక్షల బీడీలు. నా బడి ఫీజు, చెల్లె పెళ్లి, నా వీసాకు ఏజెంటుకు కట్టిన పైసల్లో సగం, అన్నీ అందులోంచే. డెబ్బై రెండు లక్షల సార్లు ఎవరో ఒకరు దోసిలిపట్టి ముట్టించారు. పొగ తాగొద్దని ఇతరులకు చెప్పే ఈ ఉద్యోగంలోకి నన్ను చేర్చింది ఆ పొగే. అది తలుచుకుంటే సిగ్గు అనాలో, అప్పు అనాలో నాకు మాట దొరకదు.

అమ్మ ఒక్క బీడీ తాగలేదు. నాలుగేళ్ల కింద దగ్గు తగ్గక పట్నంలో ఒక ఆస్పత్రికి తీసుకుపోయాను. ఎక్స్‌రే చూస్తూ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "పొగ తాగుతారా?" అమ్మ తల దించుకుంది. "తాగను సారూ, చేస్త" అంది. ఆయన కాగితం మీద ఏదో రాసుకుని తర్వాతి ప్రశ్నకు పోయాడు. చీటీలో తాగుతారా, తాగరా అని రెండు గడులే ఉన్నట్టున్నాయి. చేసేవాళ్లకు మూడో గడి లేదు. తంబాకు దుమ్ము ముక్కులోంచి పోతుంది, నికోటిన్ తోలులోంచి కూడా ఒంట్లోకి పోతుంది. ఆ చాట పక్కనే బొంత మీద మేం పడుకునేవాళ్లం. అక్కడ ఎవరూ అగ్గి ముట్టించలేదు, కాబట్టి దాన్ని ఎవరూ పొగ అనలేదు.

మన దగ్గర పొగాకు మీద మాట వచ్చినప్పుడల్లా అమ్మలాంటి వాళ్ల పేరు తీస్తారు. పుర్రె గుర్తు గొడవ నాకు బాగా గుర్తు. బీడీ కట్టల మీద పుర్రె, ఎముకలు ముద్రించాలని కేంద్రం అంటే నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో ఆడవాళ్లు రోడ్డు మీదికి వచ్చారు. నేను డిగ్రీ చదువుతున్నా. అమ్మ కూడా ట్రాక్టరెక్కి పోయింది. పుర్రె చూసి కొనడం మానేస్తే పని పోతుందని భయం. 2007లో చట్టం సవరించారు, పుర్రె తప్పనిసరి కాకుండా పోయింది. ఆ రోజు ఊళ్లో సంతోషపడ్డాం. ఈ రోజు ఆలోచిస్తే కడుపులో దేవినట్టవుతుంది. ఆ గుర్తు ఏ పొగాకు గురించి పెట్టారో, ఆ పొగాకు దుమ్ము పీల్చేవాళ్లే అది వద్దని ఎండలో నడిచారు. వాళ్లను నడిపించిన కంపెనీలు తర్వాత వెయ్యి బీడీలకు కూలీ పెంచమంటే మాత్రం అదే ఆడవాళ్లతో మాట్లాడటానికి సంవత్సరాలు తీసుకున్నాయి. నిషేధం మాట వచ్చినప్పుడు వాళ్ల పొట్ట అందరికీ గుర్తొస్తుంది, కూలీ మాట వచ్చినప్పుడు ఎవరికీ గుర్తుండదు. నాకు కోపం నిషేధం మీద కాదు, దీని మీద.

నా తోటి సూపర్‌వైజర్ ఒకతను ఒంగోలు వైపు వాడు. వాళ్లది పొగాకు ఆరబెట్టే బ్యారన్ ఉన్న ఇల్లు, సిగరెట్టు పొగాకు పండిస్తారు. ఎంత పండించాలో గుంటూరులో 1976 నుంచి ఉన్న పొగాకు బోర్డు చెప్తుంది, ఎంతకు కొనాలో వేలంలో కొనేవాళ్లు చెప్తారు. 2015లో ధర పడిపోయి ప్రకాశం జిల్లాలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. "అందరూ సిగరెట్టు మానాల్సిందే అన్నా, కానీ ఆ నేలలో ఇంకేం వేస్తే అప్పు తీరుతుందో ఎవరైనా వచ్చి చెప్పాలి గదా" అంటాడు. ఈయన మాటకు నా దగ్గర జవాబు లేదు.

శ్రీకాకుళం నుంచి వచ్చిన డ్రైవరు తమ్ముడు చెప్పింది మాత్రం వినలేకపోయాను. వాళ్ల నాయనమ్మది అడ్డపొగ. చుట్ట వెలిగించి నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని తాగడం. ఆ జిల్లా పల్లెల్లో ముఖ్యంగా ఆడవాళ్ల అలవాటు. డెన్మార్క్ దంత శాస్త్రవేత్త యెన్స్ పిండ్‌బోర్గ్, బొంబాయి పరిశోధకులు కలిసి అక్కడ 10,169 మంది పల్లె జనాన్ని పరీక్షించి 1971లో అంగిట్లో వచ్చే మచ్చలు, పుండ్ల గురించి రాశారు. నిప్పు తగిలే చోట, అంగిట్లోనే క్యాన్సర్ వస్తుంది. ఎందుకట్లా తాగుతారంటే, గాలికి చుట్ట ఆరకుండా ఉంటుందని, బూడిద రాలదని, నలుగురిలో నిప్పు కనపడదని తలా ఒక మాట చెప్తారట. "మా నాయనమ్మ బిడ్డకు పాలిస్తూ కూడా నిప్పు లోపల పెట్టుకుని కూర్చునేదట. బయటివాళ్లకు పొగ తక్కువే తగిలింది" అన్నాడు. చాలాసేపు మేమిద్దరం మాట్లాడుకోలేదు. ఆమె మీద ఏ నిషేధం పనిచేస్తుంది? ఏ బోర్డు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి?

ఆ తర్వాతే నేను ఫోనులో పొగాకు నియంత్రణ ఒడంబడిక వెతికి చదివాను. 2003లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదించింది, 2005 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉంది. భారతదేశం, ఖతార్ రెండూ 2004లోనే ఆమోద ముద్ర వేశాయి. నా ఊరు, నా ఉద్యోగం రెండూ ఒకే కాగితం కింద ఉన్నాయి. అందులో ఎనిమిదో అధికరణ ఇతరుల పొగ నుంచి జనాన్ని కాపాడాలంటుంది. నేను గేటు దగ్గర నిలబడి చేసే పని అదే. ఆపకుండా చదువుతూ పోతే పదిహేడోది వచ్చింది. పొగాకు కార్మికులకు, పండించేవాళ్లకు బతకగలిగే వేరే దారులు చూపడానికి దేశాలు తోడ్పడాలట. పద్దెనిమిదోది, పొగాకు పండించే చోట, తయారుచేసే చోట మనుషుల ఆరోగ్యాన్ని కాపాడాలట. నేను మంచం మీద లేచి కూర్చున్నాను. మా అమ్మ గురించి ప్రపంచమంతా కలిసి ఒక వాక్యం రాసుకుంది! మా ఇంట్లో చాట పక్కన కూర్చున్న ఎవరికీ ఆ సంగతి చెప్పినవాళ్లు లేరు.

ఎనిమిదో అధికరణకు జరిమానా ఉంది, యూనిఫారం ఉంది, నాలాంటి కాపలావాడు ఉన్నాడు. పదిహేడుకు, పద్దెనిమిదికి ఎవరున్నారు? దేశంలో నమోదైన బీడీ కార్మికులే దాదాపు 50 లక్షలు, ఎక్కువమంది ఆడవాళ్లు, ఎక్కువమంది ఇంట్లో కూర్చుని చేసేవాళ్లు. వాళ్ల ఆస్పత్రులకు, పిల్లల స్కాలర్‌షిప్పులకు 1976 చట్టం కింద సంక్షేమ నిధి ఉండేది. ఆ నిధికి డబ్బు వచ్చే సెస్సును 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు తీసేశారు. తెలంగాణలో నెలకు 2,016 రూపాయల పింఛను ఇస్తున్నారు, అమ్మకు వస్తోంది, దాని విలువ నాకు తెలుసు. కానీ అది పని వదిలిపెట్టడానికి చూపిన దారి కాదు. గాలిని కాపాడిన చట్టం చేతిని కూడా కాపాడాలని నేను అడుగుతున్నాను. నిషేధాన్ని సడలించమని కాదు. హుక్కా కేఫ్ ముందు పిల్లలు కూర్చుంటే నాకు ఇప్పటికీ గుండె తరుక్కుపోతుంది. పండ్ల వాసన వస్తోంది కాబట్టి అది పొగ కాదనుకుంటారు. గంట సేపు హుక్కా పీలిస్తే లోపలికి పోయే పొగ పరిమాణం ఒక సిగరెట్టుకు వంద రెట్లు, అంతకు పైన. ఇంకా గట్టి నిషేధం రావాలి. వచ్చిన రోజున ఆ నిషేధం కోరుట్ల పక్కన ఒక పల్లెలో చాట ముందు కూర్చున్న ఆడమనిషి దగ్గరికి కూడా వెళ్లి, ఇక నువ్వు ఇది చేయనక్కర్లేదు, ఇదిగో నీకు వేరే పని అని చెప్పాలి.

జనవరిలో ఒక రాత్రి అమ్మ వీడియో కాల్ చేసింది. దోహాలో ఆ నెల చలి బాగానే ఉంటుంది. నేను గేటు దగ్గర మాట్లాడుతున్నా. కాక పక్కనే గోడకు ఆనుకుని బీడీ తాగుతూ దగ్గుతున్నాడు. అమ్మ బీడీలు చేయడం మానేసి రెండేళ్లయింది. అయినా మాట్లాడుతుంటే వేళ్లు ఊరికే ఉండవు, చీర అంచును దొర్లిస్తూనే ఉంటాయి. ఆ రోజూ దొర్లిస్తోంది.

"ఎవరురా గట్ల దగ్గుతున్నరు?"

"పక్కూరి కాకనే అమ్మా."

"బీడీ తాగుతడా?"

"తాగుతడు."

"ఏ కంపెనీది?"

చెప్పాను. అంచు మీద అమ్మ వేళ్లు ఆగాయి. కాక నోట్లో ఉన్నది సన్నటి కొస, దారం చుట్టిన కొస. అమ్మకు అంత దూరం కనపడదు. అయినా ఆమె ఫోనులోంచి అటే చూస్తున్నట్టు అనిపించింది.

"నేను చేసుడు బంద్ జేసి రెండేండ్లాయె గద బిడ్డా. అవి నావి గావు" అంది. కాసేపాగి, "జర ఏణ్నీళ్లు కాగబెట్టి ఇయ్యిరా ఆయనకు" అంది.

నేను లోపలికి పోయి కెటిల్ పెట్టాను.